ఒకే గిన్నెలో క్రీమీ సాసేజ్ పాస్తా: ఎసరు కొలత తెలిస్తే అరగంట పని

మీరు అడిగింది ఇదీ. సాయంత్రం ఏడున్నరకి ఆఫీసు నుంచి ఇంటికి చేరతారు. పిల్లలిద్దరూ తొమ్మిదికల్లా పడుకోవాలి, వాళ్లకి సాసేజ్ పాస్తా అంటే ప్రాణం. స్టవ్ మీద ఒక బర్నర్ అత్తగారి అన్నానికీ చారుకీ పోతుంది. మిగిలిన ఒక్క బర్నర్ మీద, ఒక్క గిన్నెలో చేద్దామంటే క్రీమ్ విరిగిపోతోంది, పాస్తా అడుగంటి ముద్దైపోతోంది, సాసేజ్ ముక్కలు నమిలితే సాగుతున్నాయి. విజయనగరంలో దొరికే సరుకుతోనే అరగంటలో అయ్యే దారి చెప్పమన్నారు.

అవుతుంది చెల్లీ. మీకొచ్చిన మూడు ఇబ్బందులకీ చాలామటుకు కారణం ఒకటే, అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి మూత పెట్టేయడం. గిన్నె ఒకటే అయినా, అందులోకి ఏది ముందు వెళ్లాలి, ఏది చివర్న వెళ్లాలి అన్న వరస ఉంది. సాసేజ్ అన్నిటికంటే ముందు వేగి, బయటికి వచ్చేసి, చివర్లో మళ్లీ లోపలికి వెళ్లాలి. క్రీమ్ స్టవ్ ఆపాకే పోయాలి. ఈ రెండింటి మధ్యలో పాస్తా కొలిచి పోసిన ఎసట్లో ఉడికి, ఆ ఎసరంతా తనే పీల్చుకోవాలి.

ముందు ఎసరు సంగతి చెప్తాను, ఎందుకంటే అసలు కీలకం అక్కడే ఉంది. ఇటలీలో మామూలుగా 100 గ్రాముల పాస్తాకి లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు లెక్కన పెద్ద గిన్నెలో మరిగించి, ఉడికాక నీళ్లు వంపేస్తారు. అది గంజి వార్చే పద్ధతి. మనం ఇప్పుడు చేసేది అత్తెసరు అన్నం పద్ధతి. అత్తెసరులో నీళ్లు ఎక్కువైతే జావ, తక్కువైతే పలుకు. ఇక్కడా అంతే. తేడా ఏమిటంటే, పాస్తా ఉడికేటప్పుడు దాని పైపొరలోంచి పిండి పదార్థం నీళ్లలోకి దిగుతుంది. వంపేస్తే ఆ పిండి సింకులోకి పోతుంది. వంపకపోతే గిన్నెలోనే చిక్కబడి, నూనెనీ వెన్ననీ నీటితో కలిపి పట్టి ఉంచుతుంది. సాస్ నున్నగా రావడానికి సగం కారణం ఈ పిండే. అందుకే ఈ పద్ధతిలో క్రీమ్ తక్కువ పడుతుంది. పెద్ద కప్పు క్రీమ్ పోస్తే తప్ప క్రీమీ కాదన్నది నిజం కాదు. ఇటలీ వాళ్లకీ ఇలా వండే అలవాటు ఉంది. రిసొట్టో అని వాళ్లు బియ్యంతో చేసే వంటకం ఉంది కదా, పాస్తాని ఆ తీరుగా కొద్దికొద్దిగా నీళ్లు పోస్తూ వండితే పాస్తా రిసొట్టాటా అంటారు. కాబట్టి ఇది తొందర కోసం పుట్టిన చవక పద్ధతి అనుకోకండి.

కొలత గుర్తుపెట్టుకోవడం తేలిక. పాస్తా బరువుకి మూడు రెట్లు నీళ్లు. 250 గ్రాముల పాస్తాకి 750 మిల్లీలీటర్లు. 500 గ్రాముల ప్యాకెట్‌లో సగం తీస్తే, 250 మిల్లీలీటర్లు పట్టే గ్లాసుతో మూడు గ్లాసులు. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకి ఇది సరిపోతుంది. మీ గిన్నె బాగా వెడల్పుగా ఉంటే ఆవిరి ఎక్కువ పోతుంది కాబట్టి ఇంకో అర గ్లాసు వేడినీళ్లు పక్కన ఉంచుకోండి. అవసరమైతేనే పోయాలి, ముందే పోసేయకూడదు. నీళ్లు తక్కువైతే ఎప్పుడైనా కలపొచ్చు. ఎక్కువైతే మాత్రం అవి ఇంకేలోపు పాస్తా మెత్తబడిపోతుంది.

నీళ్లు వేడివే పోయాలి. చన్నీళ్లు పోస్తే అవి మరిగేదాకా పాస్తా గోరువెచ్చటి నీళ్లలో నానుతూ కూర్చుంటుంది. పైపొర జిగురెక్కి ఒకదానికొకటి అంటుకుంటాయి, లోపల మాత్రం పచ్చిగానే ఉంటుంది. మీకు ముద్ద కావడానికి ఇదీ ఒక కారణం అయి ఉంటుంది. ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే సరేసరి. లేకపోతే, అత్తగారి అన్నం ఎసరు పెట్టేముందు ఆ బర్నర్ మీదే మూడున్నర గ్లాసులు మరిగించి పక్కన మూతపెట్టి ఉంచండి.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక చూడండి. డ్యూరమ్ వీట్ సెమోలినా అని ఉండాలి, అంటే గట్టి గోధుమ రవ్వతో చేసింది. దాని రంగు కొంచెం పసుపుగా, పట్టుకుంటే గట్టిగా ఉంటుంది. మైదాతో చేసినది తెల్లగా ఉంటుంది, ఒకే గిన్నె పద్ధతిలో అది నిలవదు, కరిగి జావైపోతుంది. నీళ్లు వంపే పద్ధతిలో అయితే దాన్ని ఎలాగో నెట్టుకురావచ్చు, ఇక్కడ కుదరదు. ఆకారం విషయంలో పెన్నే గానీ, మెలి తిరిగి ఉండే ఫ్యూసిల్లీ గానీ తీసుకోండి. మెలికల్లో సాస్ పడుతుంది, గరిటెతో కలపడం సులువు. సన్నటి మాకరోనీ పిల్లలకి ఇష్టమే కానీ ఏడెనిమిది నిమిషాల్లోనే ఉడికిపోతుంది, కాబట్టి నీళ్లు ఓ అర గ్లాసు తగ్గించాలి. స్పగెట్టీ వారం మధ్యలో వద్దు. గిన్నెలో పట్టక, కలపడానికి లొంగక టెన్షన్ పెడుతుంది.

ఇక సాసేజ్. బయటి దేశాల వంటల్లో చెప్పే ఇటాలియన్ సాసేజ్ పచ్చి మాంసం. పై తొడుగు తీసి, ఖీమాలా విడదీసి వేయిస్తారు. అందులో సోంపు, వెల్లుల్లి, ఎండుమిరప గింజలు ముందే ఉంటాయి. మన సూపర్ మార్కెట్ ఫ్రీజర్లలో దొరికే చికెన్ సాసేజ్ చాలామటుకు ముందే ఉడికించి ప్యాక్ చేసినది. ఈ రెండూ ఒకటే అనుకుని వీడియోలో చూపినట్టు చేస్తేనే చిక్కొస్తుంది. ఉడికిన సాసేజ్‌ని మళ్లీ పన్నెండు నిమిషాలు నీళ్లలో ఉడకబెడితే ఉబ్బి, పాలిపోయి, మీరు చెప్పినట్టు సాగుతుంది. దానికి కావల్సింది ఉడుకు కాదు, వేపుడు.

అందుకని ఉదయం ఆఫీసుకి వెళ్లేముందే ప్యాకెట్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. మర్చిపోతే, సీలు తీయకుండా ప్యాకెట్‌ని చన్నీళ్ల గిన్నెలో అరగంట ఉంచినా చాలు. వేడినీళ్లలో మాత్రం పెట్టకండి. కొన్ని రకాలకి పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, వేళ్లతో తడిమి చూసి, ఉంటే ఒలిచేయండి. తర్వాత గుడ్డతోనో టిష్యూతోనో తడి అద్దాలి. ఇది చిన్న పనే కానీ వదలొద్దు. తడి ఉంటే ముక్క వేగదు, ఆవిరిలో ఉడుకుతుంది.

ముక్కలు ఏటవాలుగా, వేలి మందాన కోయండి. గుండ్రంగా కోసిన దానికంటే ఏటవాలు ముక్కకి పెనాన్ని తాకే భాగం ఎక్కువ. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె గానీ, పెద్ద మూకుడు గానీ తీసుకుని, రెండు టీస్పూన్ల నూనె వేసి వేడెక్కనివ్వండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. అంచులు ముదురు గోధుమ రంగులోకి తిరిగి, నూనెలో చిటపట శబ్దం తగ్గి, కొవ్వు వాసన కాస్తా వేపుడు వాసనగా మారుతుంది. అప్పుడు తిప్పి ఇంకో నిమిషం, నిమిషంన్నర. వెంటనే పళ్లెంలోకి తీసేయండి. గిన్నె అడుగున ఎర్రగా ఒక పొర అంటుకుని ఉంటుంది. దాన్ని కడగకండి, గీకి పారేయకండి. మన సాస్‌కి మాంసం రుచి వచ్చేది ఆ పొరలోంచే.

అదే గిన్నెలో ఒక చెంచా వెన్న వేసి, సన్నగా తరిగిన పెద్ద ఉల్లిపాయ ఒకటి వేయించండి. మెత్తబడితే చాలు, ఎర్రబడక్కర్లేదు. ఆరు వెల్లుల్లి రేకలు కచ్చాపచ్చాగా దంచి వేయండి. ఇప్పుడు అర టీస్పూన్ సోంపు రోట్లో నలిపి వేయండి. మన చికెన్ సాసేజ్‌లో లేని ఇటాలియన్ వాసనని తెచ్చేది ఇదే. ఒరెగానో సాషేలు ఎన్ని చల్లినా రాని రుచి ఈ చిటికెడు సోంపుతో వస్తుంది, నా మాట నమ్మి ఒకసారి చేసి చూడండి. ఎండుమిర్చి ఒకటి గింజలతో సహా నలిపి వేయాలా వద్దా అన్నది మీ పిల్లల కారాన్ని బట్టి.

రెండు మాగిన టమాటాలు సన్నగా తరిగి వేసి, రసం ఊరగానే చెక్క గరిటెతో అడుగున ఉన్న ఎర్రటి పొరని గీకండి. ఆ తడికి అది కరిగి సాస్‌లో కలిసిపోతుంది. టమాటా బాగా పుల్లగా ఉండే నాటు రకం అయితే ఒకటే చాలు. పులుపు పెరిగేకొద్దీ తర్వాత క్రీమ్ విరిగే ప్రమాదం పెరుగుతుంది. టమాటా ముక్కల గుర్తు పోయి, నూనె కాస్త అంచులకి చేరేదాకా మగ్గించండి.

పాస్తా వేసి ఒక నిమిషం ఆ మసాలాలో తిప్పి, వేడినీళ్లు మూడు గ్లాసులూ పోసేయండి. ఉప్పు అర టీస్పూన్ మించొద్దు. సాసేజ్‌లో ఉప్పు ఉంది, ఛీజ్‌లో ఉప్పు ఉంది, నీళ్లు వంపడం లేదు కాబట్టి వేసిన ప్రతి రవ్వా కంచంలోకే వస్తుంది. లీటరుకి పది గ్రాముల లెక్క ఇక్కడ పాటిస్తే తినలేం. తక్కువైతే చివర్లో సరిచేసుకోవచ్చు.

బాగా తెర్లుతున్నప్పుడు మంట మధ్యస్థంగా తగ్గించి, మూత ఓరగా పెట్టండి. పూర్తిగా మూసేస్తే పిండి నురగ పొంగి స్టవ్ మీద పడుతుంది. ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి మూత తీసి, గరిటె అంచుతో అడుగంతా తడిమి కలపాలి. పైపైన తిప్పితే సరిపోదు, పిండి అడుగుకి దిగి అక్కడే అంటుకుంటుంది. మొదటి నాలుగు నిమిషాలు మరీ ముఖ్యం, అంటుకునేదంతా అప్పుడే అంటుకుంటుంది. ఆ తర్వాత మీరు పిల్లల యూనిఫాం సర్దుకోవడానికో, చారు పోపు పెట్టుకోవడానికో కాస్త వెసులుబాటు దొరుకుతుంది.

ప్యాకెట్ మీద రాసిన టైముకి రెండు నిమిషాల ముందు నుంచి రుచి చూడ్డం మొదలుపెట్టండి. ఒక ముక్కని గోటితో తుంచి చూస్తే మధ్యలో సూదిమొనంత తెల్లటి చుక్క కనపడాలి. అది కనపడుతున్నప్పుడే స్టవ్ ఆపాలి. గిన్నె వేడికే ఆ చుక్క కాస్తా పోతుంది. ఆ సమయానికి అడుగున కొంచెం నీరు, అంటే గిన్నె వంచితే ఒక పక్కకి చేరేంత చిక్కటి ద్రవం మిగిలి ఉండాలి. పూర్తిగా ఇంకిపోయేదాకా ఆగితే కంచంలో పడేసరికి గట్టిపడిపోతుంది. ఇంకా నీళ్లు ఎక్కువున్నట్టు అనిపిస్తే మూత తీసి పెద్ద మంట మీద నిమిషం తిప్పండి. ముక్క ఉడకలేదు, నీళ్లు మాత్రం అయిపోయాయి అంటే పావు గ్లాసు వేడినీళ్లు పోసి రెండు నిమిషాలు మూత పెట్టండి. రెండూ క్రీమ్ పోయకముందే చేయాల్సిన పనులు.

ఇప్పుడు క్రీమ్ దగ్గరికొద్దాం. విదేశీ వంటల్లో వాడే హెవీ క్రీమ్‌లో కొవ్వు దాదాపు 36 శాతం ఉంటుంది. మనకి దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో 25 శాతం. కొవ్వు ఎక్కువున్న క్రీమ్ టమాటా పులుపునీ మరుగునీ తట్టుకుంటుంది, తక్కువున్నది తట్టుకోదు. పాలలోని ప్రొటీన్ పులుపు, వేడి రెండూ కలిసినప్పుడు గడ్డకడుతుంది. తెర్లుతున్న టమాటా సాస్‌లో క్రీమ్‌ని నేరుగా వేసేస్తే, అది విరగక ఏం చేస్తుంది? స్టవ్ ఆపి, ఒక నిమిషం పొంగు చల్లారాక, 100 మిల్లీలీటర్ల క్రీమ్‌ని ముందు చిన్న గిన్నెలోకి తీసుకుని, పాస్తాలోంచి రెండు గరిటెల వేడి ద్రవం దాంట్లో కలిపి, అప్పుడు మొత్తం పెద్ద గిన్నెలోకి పోసి తిప్పండి. ఆ ద్రవంలో ఉన్న పిండి కూడా క్రీమ్‌ని విరగకుండా కాపాడుతుంది. మళ్లీ మంట మీద పెట్టక్కర్లేదు.

దాని వెంటనే ఛీజ్. పర్మెజాన్ ఉంటే రుచి గొప్పగా ఉంటుంది, సందేహం లేదు. కానీ వారం మధ్యలో, ఒకే గిన్నెలో, మామూలు ప్రాసెస్డ్ ఛీజ్ క్యూబులే నాకు నమ్మకం. 25 గ్రాముల క్యూబులు రెండు తురిమి వేయండి. వాటిలో కొవ్వునీ నీటినీ కలిపి ఉంచే లవణాలు ముందే ఉంటాయి, అందుకే ముద్దకట్టకుండా నున్నగా కరుగుతాయి. ఎప్పుడైనా క్రీమ్ కొద్దిగా విరగడం మొదలైనా, గిన్నెని వెంటనే స్టవ్ మీద నుంచి దించి, ఒక క్యూబు తురిమి, రెండు చెంచాల చల్లటి పాలు పోసి గబగబా తిప్పితే చాలాసార్లు తిరిగి కలుస్తుంది. పెరుగు విరిగినట్టు పూర్తిగా గింజలు పడితే మాత్రం కలవదు. రుచికి ఢోకా లేదు, తినేయొచ్చు.

ఆఖర్న ఒకటి చెప్తాను, ఇది మన ఉత్తరాంధ్ర వంటింటికి చేతనైన పని. పనసపొట్టు కూరకీ, అరటికాయ కూరకీ, పులిహోరకీ ఆవ పెడతాం కదా. యూరప్‌లో చాలాచోట్ల సాసేజ్ పక్కన ఆవముద్ద పెడతారు. క్రీమీ సాసేజ్ పాస్తాలో డిజాన్ మస్టర్డ్ అని వాళ్లు వేసేది కూడా ఆవముద్దే. సీసా కొనక్కర్లేదు. అర టీస్పూన్ ఆవపొడిని రెండు చెంచాల నీళ్లలో కలిపి పది నిమిషాలు పక్కన పెడితే ఘాటు వస్తుంది. దాన్ని క్రీమ్, ఛీజ్ కలిశాక వేసి తిప్పండి. కూరకి ఆవ ఎందుకు దించాకే పెడతామో అదే కారణం ఇక్కడా, ఉడికితే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. అర టీస్పూన్ దాటించకండి. క్రీమ్ వల్ల వచ్చే మొహంమొత్తే తనాన్ని ఇది విరిచేస్తుంది. నా దగ్గర వంట నేర్చుకునే ఆడపిల్లలకి ఇది చెప్పినప్పుడు మొదట వింతగా చూస్తారు, రుచి చూశాక ఇక మానరు.

వేయించి తీసిన సాసేజ్ ముక్కలు ఇప్పుడు కలిపి, మిరియాల పొడి చల్లి, మూతపెట్టి రెండు నిమిషాలు ఆగండి. ఆ రెండు నిమిషాల్లో సాస్ చిక్కబడి ముక్కని పట్టుకుంటుంది. పిడికెడు పాలకూర తరిగి వేయాలనుకుంటే ఈ మూత పెట్టే ముందే, ఆ వేడికే వాడిపోతుంది. రైతు బజారులో లేతది దొరికిన రోజున వేయండి, ముదురు ఆకైతే పసరు వాసన వస్తుంది.

క్రీమ్ ప్యాకెట్ ఇంట్లో లేని రోజులకి రెండు దారులున్నాయి. మొదటిది నాకు క్రీమ్ కంటే కూడా ఇష్టం: పలాస జీడిపప్పు. పదిహేను, ఇరవై గుళ్లు గానీ, వాటికి సరిపడా ముక్క గానీ వేడినీళ్లలో పావుగంట నానబెట్టి, అర గ్లాసు పాలతో మెత్తగా రుబ్బండి. రుబ్బేది కాబట్టి ఖరీదైన గుండు పప్పు అక్కర్లేదు, ముక్క చవకలో వస్తుంది. రుచిలో ఏ తేడా ఉండదు. జీడిపప్పు ముద్ద టమాటా పులుపుకి విరిగే భయం తక్కువ, పైగా చిక్కదనం చాలా వస్తుంది. అందుకని అర గ్లాసు నీళ్లు అదనంగా పట్టొచ్చు, చూసి పోసుకోండి. మిక్సీలో పలుకులు మిగలకుండా రుబ్బడం ఒక్కటే దీనికి షరతు. ఆఫీసుకి వెళ్లేముందు నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే సాయంత్రం రుబ్బడమే మిగులుతుంది.

రెండోది మీగడ. గేదె పాలు పోయించుకునే ఇల్లైతే ఆ రోజు కాచిన పాల మీద మంచి మీగడే కడుతుంది. దాన్ని రెండు చెంచాల పాలతో కలిపి, ఫోర్కుతో గానీ కవ్వంతో గానీ పలుకు లేకుండా కొట్టి వాడండి. వెన్న తీయడానికి వారం రోజులు పోగేసిన మీగడ మాత్రం పనికిరాదు. అది అప్పటికే పులిసి ఉంటుంది, వేడి తగలగానే విరుగుతుంది.

ప్రెషర్ కుక్కర్‌లో చేయొచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. చేయొచ్చు. నీళ్లు రెండున్నర గ్లాసులకి తగ్గించి, ఒక చెంచా నూనె వేసి, ఒక్క విజిల్ రాగానే ఆపి, మూడు నిమిషాలాగి జాగ్రత్తగా ఆవిరి తీసేయాలి. కుక్కర్ సగం కంటే ఎక్కువ నింపకూడదు. పాస్తా నురగ పైకొచ్చి విజిల్ రంధ్రంలో ఇరుక్కుంటే ప్రమాదం. ఇన్ని జాగ్రత్తలు పడి మిగిలేది నాలుగైదు నిమిషాలు. పైగా లోపల ముక్క ఎంత ఉడికిందో చూసే వీల్లేదు. నేనైతే మూత తీసి చూసుకోగలిగే గిన్నెకే ఓటేస్తాను. మీకు రెండో బర్నర్ ఖాళీ లేదు కాబట్టి టైము పెద్దగా కలిసిరాదు కూడా.

సాసేజ్ ప్యాకెట్లే దొరకని చోట ఉన్నవాళ్లు, గజపతినగరమో చీపురుపల్లో అనుకోండి, బాధపడక్కర్లేదు. ఆదివారం చికెన్ తెచ్చుకున్నప్పుడే పావుకిలో బోన్‌లెస్ ఖీమా కొట్టించుకోండి. కొట్టనంటే ఇంట్లో మిక్సీలో రెండుసార్లు ఆపి ఆపి తిప్పండి, మెత్తగా రుబ్బేయకూడదు. దానికి అర టీస్పూన్ ఉప్పు, టీస్పూన్ సోంపు నలిపినది, మూడు వెల్లుల్లి రేకలు, అర టీస్పూన్ మిరియాల పొడి, కాస్త ఎండుమిర్చి నలిపి కలపండి. ఒక నిమిషం పాటు చేత్తో బాగా మర్దించాలి. అప్పుడు ఉప్పుకి మాంసం జిగురెక్కి, వేసిన ముక్క విడిపోకుండా నిలుస్తుంది. అంతే, తొడుగు లేని సాసేజ్ తయారైనట్టే. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే సోమవారం రాత్రికి రుచి బాగా పడుతుంది. మంగళవారం దాటించేట్టైతే ఫ్రీజర్‌లో పెట్టండి. వండేటప్పుడు గిన్నెలో ఉసిరికాయంత ముద్దలుగా తుంచి వేసి ఎర్రగా వేయించండి. ఇది పచ్చి మాంసం కాబట్టి ప్యాకెట్ సాసేజ్‌లా చివర్లో కలిపితే కుదరదు. వేయించి పక్కన తీసినా, పాస్తా ఉడకడానికి ఇంకా ఐదు నిమిషాలుందనగా తిరిగి గిన్నెలో వేసేయాలి. ఒక ముద్ద విరిచి చూస్తే లోపల గులాబీ రంగు ఏమాత్రం ఉండకూడదు.

ఇంట్లో చేసిన ఈ ఖీమా సాసేజ్‌ని నేను గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ప్యాకెట్ సాసేజ్ ప్రాసెస్డ్ మాంసం. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో ప్రాసెస్డ్ మాంసాన్ని మనుషులకి క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. ముఖ్యంగా పెద్దపేగు క్యాన్సర్‌తో దానికి సంబంధం చూపించింది. ఎప్పుడో ఒకసారి తింటే కంగారుపడాల్సిన పని లేదు. కానీ పిల్లలు అడుగుతున్నారు కదా అని వారానికి మూడు రాత్రులు ప్యాకెట్ సాసేజ్ పెట్టడం మంచిది కాదు. ప్యాకెట్‌ది అప్పుడప్పుడు, మిగతా రోజుల్లో ఖీమాది అనుకుంటే పిల్లల కోరికా తీరుతుంది, మీకూ నిశ్చింత.

మీ ఇంట్లో సోమవారం, శనివారం నీచు ముట్టరని రాశారు. కార్తీకమాసమైతే నెలంతా అంతే కదా. ఆ రోజుల్లో పుట్టగొడుగులు వాడండి. సాసేజ్‌కి చెప్పిన పద్ధతే: తడి లేకుండా తుడిచి, పెద్ద ముక్కలు కోసి, కదపకుండా ఎర్రగా వేయించి, పక్కన తీసి, చివర్న కలపాలి. ఉప్పు మాత్రం వేగాక వేయాలి, ముందే వేస్తే నీరు వదిలి వేగవు. సోంపు, ఆవ రెండూ దీనికీ సరిగ్గా నప్పుతాయి. సాసేజ్ ఉప్పు తగ్గింది కాబట్టి ఎసట్లో ఉప్పు ముప్పావు టీస్పూన్ చేయండి. ఇలా చేసినది అత్తగారికి కూడా ఒక గరిటె వడ్డించొచ్చు. ఆవిడకి వెల్లుల్లి పడకపోతే ఇంగువ చిటికెడు వేయండి. నేను వేసి చూశాను, బాగుంటుంది.

తుపాను రోజుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో అక్టోబరు వస్తే కరెంటు మీద నమ్మకం ఉండదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి, ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. తలుపు తీయకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు రెండు రోజులు, సగం నిండినది ఒక రోజు చల్లదనం నిలుపుకుంటుంది. కింది ఫ్రిజ్ అర నాలుగు గంటలకి మించి నిలుపుకోదు. కరెంటు వచ్చాక సాసేజ్ ప్యాకెట్ తాకి చూస్తే మంచు పలుకులు ఇంకా ఉంటే వెంటనే వండేయండి. పూర్తిగా మెత్తబడి, వెచ్చగా అయిపోతే పారేయండి. మళ్లీ గడ్డకట్టింది కదా అని వాడొద్దు, వాసన బాగానే ఉన్నా సరే.

మీ ఆయన పదింటికి వస్తారని రాశారు కాబట్టి ఆయన వాటా సంగతి. ఒకే గిన్నె పాస్తా ఆగేకొద్దీ మిగిలిన తడంతా పీల్చేసి గట్టిపడుతుంది. పిల్లలకి వడ్డించేటప్పుడే ఆయన వాటా వేరే గిన్నెలోకి తీసి, పావు గ్లాసు వేడినీళ్లు కలిపి మూతపెట్టి ఉంచండి. ఆయన వచ్చాక రెండు చెంచాల పాలు చిలకరించి, చిన్న మంట మీద కలుపుతూ వెచ్చబెడితే సాస్ మళ్లీ జారుగా అవుతుంది. మైక్రోవేవ్‌లో పెద్ద పవర్ మీద పెడితే కొవ్వు విడిపోయి నూనె తేలుతుంది, సగం పవర్ మీద మధ్యలో ఒకసారి కలిపి పెట్టండి. ఏ కాలమైనా గట్టు మీద రెండు గంటలకి మించి, బాగా ఎండలున్న రోజుల్లో గంటకి మించి ఉంచకుండా ఫ్రిజ్‌లోకి చేర్చండి. మర్నాడు పిల్లల లంచ్ బాక్సులో పెట్టడం మాత్రం వద్దు. పాలు, మాంసం కలిసినది మధ్యాహ్నం దాకా బాక్సులో ఉండకూడదు, మధ్యాహ్నానికి ముద్దగా కూడా అవుతుంది. ఆ పూటకి పులిహోరే పెట్టండి.